చెవిలో దూది

దూది కనపడటం లేదు.

పొద్దున్న తనే పెట్టింది. నూనెలో ముంచి, పిండి, వత్తిలా చేసి, మొగుడి ఎడమ చెవిలో దూర్చి, తర్వాత లాగడానికి వీలుగా కొసని గోరంత బయటికి వదిలింది. రోజూ ఆయన స్నానానికి ముందు చేసే పనే. ఇప్పుడు ఆ కొస లేదు.

"తల వంచండి. ఇంకా. వెలుతురు వైపు తిప్పండి."

"ఏంటి?"

"వెలుతురు వైపు!"

సముద్రం అడుక్కి దిగేవాళ్ళు బట్టలు మార్చుకునే గది అది. ఇద్దరు నిలబడితే మూడోవాడు ఊపిరి పీల్చడానికి బయటికి పోవాలి. గోడకి కొక్కేలు, కొక్కేలకి తడి రబ్బరు సూట్లు వేలాడుతున్నాయి. అలాంటి సూటే ఒకటి మేస్త్రి ఒంటి మీద మెడ దాకా బిగించి ఉంది. తలకి తొడిగిన రబ్బరు టోపీ వెనక్కి లాగి, భార్య ఆయన చెవిని రెండు వేళ్ళతో సాగదీసి లోపలికి తొంగి చూస్తోంది.

"ఇందాక మునిగిన ఆ నీళ్ళ తొట్టిలో పడిపోయుంటుందిలే," అన్నాడు మేస్త్రి.

గొంతు తగ్గించే అన్నాననుకున్నాడు పాపం. పక్క గదిలో ఎవరో పాడుకుంటున్నవాళ్ళు టక్కున ఆపేశారు.

"మెల్లగా! అల్లుడు బయటే ఉన్నాడు."

"మెల్లగానే అంటున్నా కదే!"

అదే వచ్చిన చిక్కు. చెవి పోయినవాడికి గుసగుస అంటే ఏంటో గుర్తుండదు. ఇక లాభం లేదని ఆమె చేతులతో మాట్లాడటం మొదలుపెట్టింది.

ఇద్దరూ నేతమిల్లు మనుషులు. రెండొందల మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకే షెడ్డులో అందరికీ చేతి మాటలు వచ్చు. దారం తెగింది, మేనేజరు వస్తున్నాడు, మంచినీళ్ళు, పొద్దుపోయింది, అన్నిటికీ ఒక్కో సైగ. ముప్ఫై ఏళ్ళ కింద ఈయన ఆమెని పెళ్ళి చేసుకుంటావా అని అడిగింది కూడా చేతులతోనే. ఆమె "ఆలోచించి చెబుతా" అంటే ఈయన "మంచినీళ్ళు కావాలి" అనుకుని చెంబు తెచ్చాడు. ఆ కథ వేరే.

"పడిపోతే నీళ్ళు లోపలికి పోయాయి. పడకపోతే దూది లోపలికి పోయింది. రెండిట్లో ఏది నయం?" అని చేతులతో అడిగింది.

"పడిపోవడమే నయం," అని ఆయన చేతులు.

"చెవుల డాక్టరు ఏమన్నాడు? చుక్క నీళ్ళు తగలకూడదన్నాడా లేదా? పొరకి చిల్లు పడిందన్నాడా లేదా?"

"నెల్లాళ్ళయింది. ఈపాటికి పూడుకునే ఉంటుంది."

"రోడ్డు మీద గుంటా, పూడుకోడానికి?"

మేస్త్రి నవ్వాడు. ఆమె నవ్వలేదు. చెయ్యి తలుపు వైపు చూపించి, "అల్లుడికి చెప్పేస్తా," అంది.

ఆయన నవ్వు ఆరిపోయింది. ఆమె మణికట్టు పట్టుకున్నాడు. చేతులతో మాట్లాడుకునేవాళ్ళ మధ్య చెయ్యి పట్టుకుంటే నోరు మూసినట్టే.

చెబితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. మిల్లులో చెవి తగ్గినవాణ్ణి షెడ్డులో ఉంచరు. తీసుకెళ్ళి గేటు దగ్గర లారీల నంబర్లు రాసుకోమని కూర్చోబెడతారు. ముప్ఫై ఏళ్ళు మగ్గాల మధ్య తిరిగినవాడు, మూడు నెలల కిందటే షెడ్డుకి మేస్త్రి అయినవాడు. ఏ మగ్గం మీదన్నా అరచెయ్యి ఆనించి, "దీనికి రెండు రోజుల్లో బేరింగు పోతుంది," అంటాడు. పోతుంది. అందరూ ఆయన చెవికి దణ్ణం పెడతారు. చెవి కాదు నాయనా, చెయ్యి అని ఎవరికీ తెలీదు.

మరి ఏటేటా మిల్లు డిస్పెన్సరీలో చెవి పరీక్ష ఉంటుంది కదా, అందులో ఎలా గట్టెక్కాడు? అక్కడే ఉంది అసలు కథ.

పరీక్షకి అద్దాల గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ తగిలిస్తారు. కూత వినపడితే వేలెత్తాలి. ఆ హెడ్‌ఫోన్లు స్పిరిట్‌తో తుడిచే పని మేస్త్రి భార్యది. అందుకే మిల్లులో ఆవిడ్ని స్పిరిట్టక్క అంటారు. నర్సు మీట నొక్కినప్పుడల్లా మిషను మీద చిన్న దీపం వెలుగుతుంది. నర్సు వెనక నిలబడితే అది కనపడుతుంది. దీపం వెలిగినప్పుడల్లా స్పిరిట్టక్క కనుబొమ్మ గోక్కుంటుంది. అద్దాల గదిలో మేస్త్రి వేలెత్తుతాడు. మూడేళ్ళు అలాగే జరిగింది. "వినికిడి చక్కగా ఉంది" అని కాగితం వచ్చింది. దాని కింద మిల్లు సేఫ్టీ ఆఫీసరు సంతకం.

ఆ సేఫ్టీ ఆఫీసరు నిరుడు వీళ్ళ అల్లుడయ్యాడు.

తలుపు మీద దబదబ కొట్టారు.

"మామయ్యగారూ! పడవ రెడీ. మిమ్మల్నే ముందు దింపుతారట!"

మేస్త్రికి మాట వినపడలేదు గానీ తలుపు అదరడం కనపడింది. టోపీ తల మీదికి లాక్కుని, భార్య మణికట్టు వదిలి, గడియ తీశాడు.

* * *

రేవు దగ్గర కూతురు ఫోన్‌లో ఫోటోలు తీస్తోంది. కళ్ళజోళ్ళ షాపులో పని చేసే పిల్ల, రోజంతా ఎదుటివాళ్ళ చూపు సరిచేస్తుంది. ఆర్నెల్ల ముందే సెలవు రాసి, నలుగురికీ గదులు చూసి, నాన్నని సముద్రం అడుక్కి పంపాలని ముచ్చటపడి తెచ్చింది.

"నాన్నా, ఇటు! నవ్వు!"

ఆయన పడవ వైపు చూస్తున్నాడు.

నీళ్ళ అడుక్కి దిగడం నేర్పే ఆవిడ ఎండకి కమిలిపోయి, చేతిలో కాగితాలతో వచ్చింది. మేస్త్రి ఆవిడకి నీళ్ళ టీచరమ్మ అని పేరు పెట్టాడు. ఆ పేరు ఆవిడకీ నచ్చింది.

"మీ నాన్నగారి చెవులు బంగారం," అంది కూతురితో. "తొట్టిలో చూశారుగా, ముక్కు మూసుకుని ఊదమంటే మిగతావాళ్ళు కిందామీదా పడతారు. చెవిలో బిగుతు పోవాలి కదా. ఈయనకి ఒక్క ఊదుకే అయిపోయింది! నొప్పేలేదట."

చిల్లుకుండకి బిగుతేంటి, ఇటు ఊదింది అటు పోతుంది. స్పిరిట్టక్క పమిట చెంగు లాంటిదేదో పట్టుకోవాలని చూసి, ఏమీ దొరక్క సంచీ పట్టీ పిసికింది.

"ఒక్కటే మళ్ళీ అడగాలి," అని టీచరమ్మ కాగితం తిప్పింది. "ఐదో ప్రశ్న. చెవి పొరకి దెబ్బ, చీము, ఆపరేషన్ లాంటివి. లేదు అని రాశారు. మిల్లులో పని అన్నారు కదా, రొద ఉంటుంది కదా, అందుకని."

"దానికి నాది పూచీ," అన్నాడు అల్లుడు. ఫోన్ తీసి చూపించాడు. "మొన్న పరీక్ష కాగితమే ఇది. కింద సంతకం నాదే."

టీచరమ్మ చూసింది. తలూపింది. ఐదో ప్రశ్న పక్కన టిక్కు పెట్టింది.

ఆ టిక్కు స్పిరిట్టక్క గుండెల్లో పడింది.

"అమ్మా, ఊరికే అడుగుతున్నా," అంది. "ఒకవేళ ఎవరికన్నా పొరకి చిల్లుంటే ఏమవుతుంది?"

"చల్లనీళ్ళు చెవి లోపలికి పోతాయి ఆంటీ. తల గిర్రున తిరుగుతుంది. పైకేదో కిందకేదో తెలీదు. నోట్లో గొట్టం ఉండగానే వాంతి రావచ్చు. కంగారులో గొట్టం వదిలేస్తే..." టీచరమ్మ ఆపేసింది. "అందుకే అలాంటివాళ్ళని మేం దింపం."

"చెవిలో దూదీ గీదీ ఉంటే?"

"అయ్యో, అదీ పెట్టకూడదు! పైనుంచి నీళ్ళు నొక్కుతుంటే లోపలికంటా దిగిపోతుంది. పొద్దున్న చెప్పాగా, చెవుల్లో ఏమీ ఉండకూడదని. అందరూ తలూపారుగా."

అందరూ ఊపారు. మేస్త్రి అందరికంటే గట్టిగా ఊపాడు. వినపడనివాడు ఊపినట్టు వినపడేవాడు ఎప్పుడూ తలూపడు.

"ఆయనకి పొద్దుట్నుంచీ కడుపులో బాలేదు," అంది స్పిరిట్టక్క ఒక్క ఊపిరిలో. "రేపు చూసుకుందాం."

అల్లుడు మామగారి భుజం తట్టాడు. "కడుపులో బాలేదా మామయ్యగారూ?"

ఎదురుగా నిలబడి అడిగాడు కాబట్టి మేస్త్రి పెదాలు పట్టుకున్నాడు. "ఎవరికి, నాకా? గుండ్రాయిలా ఉన్నా!"

కూతురు ఫోన్ జేబులో పెట్టేసింది.

"అమ్మా. మొదలెట్టావా?"

"నేనేమన్నానే..."

"నాన్నని ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు ఆయన ఇష్టానికి వదిలావా నువ్వు? టీవీ చూస్తుంటే పక్కన కూర్చుని కథంతా నువ్వే చెబుతావు. ఆయనకి ఫోనొస్తే నువ్వే ఎత్తుతావు. ఎవరన్నా ఇంటికొచ్చి ఆయన్ని పలకరిస్తే ముందు నువ్వే జవాబు చెబుతావు. నాతో ఆయన సరిగ్గా నాలుగు మాటలు మాట్లాడి ఎన్నాళ్ళయిందో తెలుసా? ఆయన నోరూ నువ్వే, చెవీ నువ్వే!"

అల్లుడు సముద్రాన్ని చూశాడు. టీచరమ్మ కాగితాల్ని చూసుకుంది.

కూతురన్న ప్రతి మాటా నిజమే. దాని వెనక ఉన్నదొక్కటే కూతురికి తెలీదు.

"నువ్వు ఒడ్డునే ఉండమ్మా," అంది కూతురు గొంతు తగ్గించి. "నీకూ హాయి, మాకూ హాయి."

"వస్తా," అంది స్పిరిట్టక్క. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పడవ ఎక్కేసింది.

* * *

ఇంజను మొదలైంది.

ఆ చప్పుడుకి కూతురు చెవులు మూసుకుంది. అల్లుడు ఏదో అడిగితే టీచరమ్మ "ఆఁ?" అంది, మళ్ళీ అడిగితే మళ్ళీ "ఆఁ?" అంది. చివరికి ఇద్దరూ నవ్వేసి ఊరుకున్నారు. ఈ మొగుడూ పెళ్ళాలకి మాత్రం సొంతింటికి వచ్చినట్టయింది. ఎదురెదురు బల్లల మీద కూర్చుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని, నింపాదిగా పోట్లాట మొదలుపెట్టారు.

"విన్నారా, ఆవిడ చెప్పింది? తల తిరుగుతుందట. గొంతుకి అడ్డం పడుతుందట."

"వినలేదు. వినపడితే ఈ గొడవెందుకు?"

"ఎగతాళా? దిగితే చస్తారు."

"ఆవిడ నన్ను పట్టుకునే ఉంటుంది."

"కాలు బెణికిందనండి. భయమేస్తోందనండి. ఏదో ఒకటి అనండి. మీ కాళ్ళు పట్టుకుంటా."

పడవ ఎగిరెగిరి పడుతోంది. ఆమె కళ్ళు ఆయన చేతుల మీదే ఉన్నాయి. షెడ్డులో పాతికేళ్ళు అలాగే చూసింది, డిస్పెన్సరీకి మారేదాకా.

"నీకొకటి చెప్పలేదు," అన్నాయి చేతులు చివరికి.

"ఏంటి?"

"నా చెవిలో చప్పుడు ఆగదు. షెడ్డు కట్టేసినా ఆగదు. ఇంటికొచ్చినా ఆగదు. నువ్వు పక్కలో పడుకుని నిద్రపోతుంటే, నా చెవిలో జోరీగ తిరుగుతూనే ఉంటుంది. నాలుగేళ్ళయింది."

ఆమె ఆయన చేతుల మీంచి చూపు ఎత్తి మొహం చూసింది.

"పిల్ల చెప్పింది, నీళ్ళ అడుగున చప్పుడే ఉండదట. మన ఊపిరి తప్ప ఇంకేమీ వినపడదట. తొట్టిలో తల ముంచినప్పుడు జోరీగ కొంచెం తగ్గినట్టనిపించింది. నిజంగా తగ్గిందో, నాకలా అనిపించిందో. అడుక్కి పోతే తెలుస్తుంది." ఒక్క క్షణం ఆగి, షెడ్డులో సాయంత్రం అన్ని మగ్గాలూ కట్టెయ్యమని చెప్పే సైగ చేశాడు. రెండు అరచేతులూ బోర్లించి, మెల్లగా కిందికి దించడం. "ఒక్క పావుగంట చాలు."

నాలుగేళ్ళు. ఒకే మంచం. ఆయన చెవికి తనే దూది పెట్టింది, మందు పోసింది, దొంగ కాగితం తెచ్చిపెట్టింది. లోపల ఏం మోగుతోందని మాత్రం ఒక్కసారి అడగలేదు.

పోనీ, పోనిద్దామా అనుకుంది. అవును, అనుకుంది. ఒక్క పావుగంట. ఆవిడ పట్టుకునే ఉంటుంది కదా. ఏమీ కాకపోవచ్చు కదా. పైకొచ్చాక దూది ఎలాగోలా తీసేసుకుందాం. ఆయన మేస్త్రిగానే ఉంటాడు, నేను స్పిరిట్టక్కగానే ఉంటా, అల్లుడి సంతకం సంతకంలాగే ఉంటుంది.

పైకొస్తే.

ఇంజను ఆగిపోయింది.

* * *

ఇంజను ఆగాక వచ్చే నిశ్శబ్దం మామూలుది కాదు. పడవ కింద నీళ్ళు నాకుతున్న చప్పుడు కూడా వినపడుతోంది. ఇప్పుడిక ఎవరేమన్నా అందరికీ వినపడుతుంది, ఒక్క మనిషికి తప్ప.

టీచరమ్మ మేస్త్రి వీపుకి గాలి సిలిండర్ తగిలించింది, నడుముకి సీసపు బరువులు కట్టింది, కళ్ళద్దాలు సర్దింది. ఆయన్ని పడవ అంచు మీద, సముద్రానికి వీపు పెట్టించి కూర్చోబెట్టింది.

"నేను మూడు అనగానే వెనక్కి వాలిపోవాలి అంకుల్. సరేనా?"

మేస్త్రి తలూపాడు.

"ఒకటి," అంది టీచరమ్మ.

స్పిరిట్టక్క కుడిచెయ్యి దానంతటదే కనుబొమ్మ దాకా లేచింది. ఆయనకి సైగ చెయ్యడం అలవాటు కదా. ఇప్పుడు సైగ చేస్తే ఆయన వాలిపోతాడు. చెయ్యి దించేసుకుంది.

"రెండు."

"వదలకు!"

ఎంత గట్టిగా అరిచిందో ఆమెకే తెలీదు. టీచరమ్మ ఉలిక్కిపడి, చటుక్కున సిలిండర్ పట్టీ దొరకబుచ్చుకుంది.

"దింపకమ్మా ఆయన్ని. ఎడమ చెవి పొరకి చిల్లుంది. లోపల దూది ఇరుక్కుంది. పెట్టింది నేనే. కుడి చెవి కూడా సగమే." అల్లుడి వైపు తిరిగింది. "ఆ కాగితం అబద్ధం బాబూ. దాని మీద నువ్వు సంతకం పెట్టావు గానీ, అది అబద్ధం."

మేస్త్రి ఒక్కడే, రబ్బరు టోపీలో, గొట్టం నోట్లో పెట్టుకుని, మూడు కోసం ఎదురు చూస్తున్నాడు. సంబరంగా ఉన్నాడు.

కూతురు తల్లిని చూసింది. తర్వాత తండ్రి కూర్చున్న అంచు దగ్గరికి పోయి, ఆయనకి కనపడకుండా పక్కకి నిలబడింది.

"నాన్నా," అంది.

ఆయన చూడలేదు.

"నాన్నా!"

ఆయన చూడలేదు. టీచరమ్మ వైపే చూస్తూ, ఇంకా ఎంతసేపన్నట్టు కనుబొమ్మలెగరేశాడు.

కూతురు మూడోసారి పిలవలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "టీవీ..." అంది. "ఆ ఫోన్లు..."

పడవ ఒరిగింది. మేస్త్రి నిలదొక్కుకోడానికి తల తిప్పాడు. కూతురి మొహం చూశాడు. అల్లుడి మొహం చూశాడు. చివరికి భార్య మొహం చూసి, గొట్టం నోట్లోంచి తీసేశాడు. ఒక్క వేలితో అడిగాడు, "చెప్పేశావా?"

ఆమె తలూపింది.

ఆయన కోప్పడతాడనుకుంది. కోప్పడలేదు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, వెనక్కి తిరిగి, నీళ్ళ వైపు చూశాడు. ఎండ పడి అడుగు దాకా పచ్చగా కనపడుతోంది. చాలాసేపు చూశాడు. టీచరమ్మ ఆయన పట్టీలు ఒక్కొక్కటే విప్పుతుంటే అడ్డం చెప్పలేదు.

అల్లుడు బల్ల మీద కూర్చుండిపోయాడు. చేతిలో ఫోన్ అలాగే ఉంది, కాగితం దాని మీద వెలుగుతూనే ఉంది.

"వేలెత్తాడు కదా," అన్నాడు మెల్లగా. "ప్రతి కూతకీ ఎత్తినట్టు నర్సు రాసింది. వినపడకుండా ఎలా ఎత్తాడు?"

"మిషను మీద దీపం వెలుగుతుంది కదా. నర్సు వెనక నేను నిలబడేదాన్ని."

అల్లుడికి అర్థమవడానికి రెండు క్షణాలు పట్టింది. ఆ రెండు క్షణాల్లో అతని మొహంలోంచి అల్లుడు లేచి వెళ్ళిపోయాడు. సేఫ్టీ ఆఫీసరు వచ్చి కూర్చున్నాడు.

"ప్రతి పరీక్షకీ మీరు అక్కడే ఉంటారు," అన్నాడు.

"ఉంటా."

"షెడ్డులో హారన్ మోగితే పరిగెత్తాల్సినవాళ్ళు, బండి వెనక్కొస్తుంటే తప్పుకోవాల్సినవాళ్ళు, అందరూ ఆ అద్దాల గదిలోకే వస్తారు."

ఆమె ఒళ్ళో ఉన్న చేతుల వైపు చూసుకుంది.

"వాళ్ళ పెళ్ళాలు మీకు తెలిసినవాళ్ళే."

"ఏమండీ, ఇప్పుడా ఇవన్నీ?" అంది కూతురు. అతను ఆమె వైపు చూడలేదు.

"అత్తయ్యగారూ. మామయ్యగారు ఒక్కరికేనా?"

"ఏమంటున్నాడు?" అని మేస్త్రి చేతులు అడిగాయి. ఆయన చెవి తగ్గినప్పట్నుంచీ మొదటిసారి ఆమె ఆయనకి తిప్పి చెప్పలేదు. ఒళ్ళో ఉన్న కుడిచెయ్యి తెరిచింది. ఒక్కో మొహం గుర్తు చేసుకుంటూ వేళ్ళు ముడవడం మొదలుపెట్టింది.

ఆ చెయ్యి అయిపోయింది.

రెండో చెయ్యి తెరిచింది.